ఇంటి మనిషే సరే, టీకా కార్డు ఏది?

మీ ఇంట్లో ఎంతమంది అని ఎవరైనా అడిగితే మా చిన్నవాడు "ఐదుగురం" అంటాడు. మేము లెక్కపెడితే నలుగురమే. ఐదోది టామీ. పాలబండి చప్పుడు మాకన్నా ముందు దానికే వినబడుతుంది. బడి వదిలే వేళకు గేటు దగ్గర కూర్చుంటుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ మంచం పక్కనుండి కదలదు.

టామీ పుట్టింది మిర్యాలగూడలో, మా బంధువుల రైసుమిల్లు వెనుక. ఆ కాన్పులో మూడు పిల్లలు బతికాయి. ఒకటి తల్లి దగ్గరే ఉండిపోయింది. ఒకటి కోదాడలోని మా చెల్లెలి ఇంటికి వెళ్లింది, దాని పేరు జిమ్మీ. మూడోది మాతో సూర్యాపేటకు వచ్చింది.

పిల్లలు కళ్లు తెరవగానే తెచ్చుకుందామని మేము తొందరపడ్డాము. మిల్లు కాపలా తాత ఒప్పుకోలేదు. "రెండు నెలలన్న తల్లి కాడ ఉండనీయుండ్రి" అన్నాడు. పశువైద్యులు చెప్పేదీ అదే. కుక్కపిల్లలు ఒకదానినొకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. పంటి బలం ఎంత వాడాలో ఆ ఆటలోనే నేర్చుకుంటాయి. మరీ చిన్నప్పుడే వేరుచేసిన పిల్లకు ఈ పాఠం అందదు.

అన్నదమ్ముల కలయిక

రెండేళ్ల తర్వాత, సంక్రాంతి సెలవులకు మూడు కుటుంబాలూ మా ఇంట్లో కలిశాయి. కుక్కలను కూడా తీసుకురమ్మని పిల్లలు పట్టుబట్టారు. అవి ఒకదానినొకటి చూసి పరుగెత్తుకొస్తాయని వారి ఆశ. అలా జరగలేదు. మూడూ వెంట్రుకలు నిక్కబొడుచుకొని గుర్రుమన్నాయి. పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

ఇందులో వింతేమీ లేదు. బెల్‌ఫాస్ట్‌లో పీటర్ హెప్పర్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని పరీక్షించి 1994లో ప్రచురించారు. రెండేళ్లు విడిగా ఉన్నా తల్లీపిల్లలు వాసనను బట్టి ఒకరినొకరు గుర్తించాయి. తోబుట్టువులు మాత్రం, వేరే తోబుట్టువుతో కలిసి పెరిగితే తప్ప, గుర్తించలేదు. మా కుక్కలకు అది కొత్తవాళ్లతో పరిచయమే. గంటసేపు వాసన చూసుకున్నాక ఆటలో పడ్డాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరో ఒక ఎముక వేశారు. టామీ, జిమ్మీ దానికోసం కొట్లాడుకున్నాయి. విడదీద్దామని మా చిన్నవాడు చెయ్యి పెట్టాడు. జిమ్మీ పన్ను దిగి రక్తం వచ్చింది.

"ఇంటి కుక్కనే గదా, ఏం గాదు. ఇంత పసుపు అద్దుండ్రి" అంది నాయనమ్మ. మేము జిమ్మీ టీకా కార్డు అడిగాము. చెల్లెలు మాట్లాడలేదు. మొదటి ఏడాది సూది వేయించారు, రెండో ఏడాది మరచిపోయారు. ఆసుపత్రిలో పనిచేసే మేము కూడా అన్ని కుక్కలను ఒకచోట చేర్చేముందు ఆ ఒక్క మాట అడగలేదు.

ఆ పది రోజులు

పసుపు పక్కనపెట్టి, పిల్లవాడి చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడిగాము. రేబిస్ క్రిమి కుక్క చొంగలో ఉంటుంది. దాన్ని గాయం దగ్గరే తగ్గించడానికి ఇంతకన్నా మంచి ప్రథమ చికిత్స లేదు. కారం, సున్నం, పసుపు, ఆకు పసర్లు గాయాన్ని రేపుతాయి గాని క్రిమిని చంపవు.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాము. రక్తం వచ్చిన గాయం కనుక టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇచ్చారు. బొడ్డు చుట్టూ సూదులు వేస్తారని పిల్లవాడు భయపడ్డాడు. ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సూదులు చేతికే. కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు.

జిమ్మీని మా ఇంట్లోనే కట్టివేసి 10 రోజులు గమనించాము. కరిచిన నాటికి చొంగలో క్రిమి ఉన్న కుక్క ఆ గడువులోగా జబ్బుపడుతుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు. అందుకే ఆ పది రోజులూ మాకు సరిగా నిద్ర లేదు. రోజూ పొద్దున చిన్నవాడే మొదట లేచి "జిమ్మీ నీళ్లు తాగింది" అని చెప్పేవాడు. జిమ్మీకి ఏమీ కాలేదు. గడువు దాటాక పశువైద్యశాలలో టీకా వేయించి కోదాడకు పంపాము. పిల్లవాడి మిగతా సూదులు డాక్టరుగారు చెప్పినట్లే పూర్తిచేశాము.

మీ ఇంట్లో కుక్క ఉంటే

• కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపై పశువైద్యులు చెప్పిన బూస్టరు, తర్వాత ఏటేటా వేయించండి.
• నట్టల మందు వేళకు ఇవ్వండి. కుక్కను ముట్టుకున్నాక, అన్నం తినేముందు పిల్లల చేతులు కడిగించండి.
• తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరికి పిల్లలను పోనివ్వకండి. కుక్కలు కొట్లాడుకుంటుంటే మధ్యలో చెయ్యి పెట్టవద్దు, నీళ్లు చల్లండి.
• కొత్త కుక్కలను కలిపేటప్పుడు గొలుసులతో, ఖాళీ స్థలంలో కలపండి. ఎముకలు, అన్నం గిన్నెలు ముందే తీసేయండి.
• కరిచినా, గీరినా, పుండు మీద నాకినా సబ్బుతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి రండి. టీకా వేసిన కుక్క అయినా రావలసిందే. సూదులు అవసరమో కాదో డాక్టరు చెబుతారు.

మా చిన్నవాడు ఇప్పటికీ "ఐదుగురం" అనే అంటాడు. మేము కూడా ఆ లెక్కకు ఒప్పుకున్నాము. పిల్లల టీకా కార్డులు దాచే కవరులోనే టామీ కార్డు కూడా పెట్టాము. మీ ఇంటి కుక్క కార్డు ఎక్కడుందో ఈ రోజే వెతికి, తేదీ చూడండి.