లేత ఎర్రకణముల లెక్క

హైదరాబాదునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారం ప్రాంతములకు రక్తపరీక్షలకై వచ్చు గ్రామస్థుల చీటీలలో ఒక్కొక్కప్పుడు ‘రెటిక్యులోసైట్ కౌంట్’ అను మాట కానవచ్చును. దీని అర్థమును పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట మంచిదని మేము తలచుచున్నాము.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. హిమోగ్లోబిన్ పరీక్ష రక్తము ఎంత తగ్గినదో చెప్పును. ఏల తగ్గినదో చెప్పజాలదు.

పైరు పలుచబడినచో రైతు నారుమడి వంక చూచును. మన ఎముకలలోని మూలుగయే రక్తమునకు నారుమడి. అచట పుట్టిన లేత ఎర్రకణములు రక్తములో చేరి, ఒకటి రెండు దినములలో ముదిరి, సుమారు 120 దినములు జీవించును. నీలిరంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో లేత కణములలో వలవంటి గుర్తులు కనబడును. పెద్దలలో ఇవి సాధారణముగా నూటికి 0.5 నుండి 2.5 వరకు ఉండును.

రక్తహీనతతోపాటు ఈ లెక్కయు తక్కువైనచో మూలుగ తగినన్ని కణములను తయారుచేయుట లేదని అర్థము. ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను లోపములు ఇందుకు సామాన్య కారణములు. లెక్క హెచ్చినచో రక్తము ఎచటనో పోవుచుండవచ్చును, లేదా సికిల్‌సెల్ వ్యాధిలోవలె కణములు ముందుగనే నశించుచుండవచ్చును. ఇట్టివారికి ఇనుము మాత్రలు మాత్రమే చాలవు. వంశపారంపర్య వ్యాధుల జన్యు నిర్ధారణ, ఒకప్పుడు నాచారములో నుండి ఇప్పుడు ఉప్పల్‌లోనున్న సి.డి.ఎఫ్.డి. అను కేంద్ర సంస్థ పనులలో ఒకటి.

రక్తము మిక్కిలి తగ్గినవారిలో ఈ శాతము ఉన్నదానికంటె హెచ్చుగా తోచవచ్చును. కావున చీటీని వైద్యుడే హిమోగ్లోబిన్‌తో సరిచూచి నిర్ణయింపవలెను.

ఇంకొక ముఖ్య విషయము. ఇనుము లోపించినవారు మాత్రలు ప్రారంభించిన వారము పది దినములలో లేత కణములు పెరుగును. హిమోగ్లోబిన్ పెరుగుటకు మరికొన్ని వారములు పట్టును. ఈలోగా ‘గుణము లేదు’ అని మానివేయుట, నారు లేచుచుండగా నీరు ఆపివేయుట వంటిది. గర్భిణులు నాలుగవ నెల మొదలు 180 దినములు ఈ మాత్రలు వాడవలెనని ప్రభుత్వ కార్యక్రమము నిర్దేశించుచున్నది.

సభ్యులు తమ వార్డులలో ఆశా కార్యకర్తతో కలిసి, మాత్రలు నడుమ మానినవారిని గుర్తించి ధైర్యము చెప్పవలెను. నెల దినములు క్రమముగా వాడినను కోలుకొననివారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. ఒక తల్లికి సకాలమున అందిన ఈ సలహా ఇద్దరి ప్రాణములకు రక్ష.