లెటర్‌ప్యాడ్ లోగో: జింకు బ్లాకు నుంచి పీడీఎఫ్ దాకా

2016 అక్టోబరు 11, దసరా పండుగ. ఆ రోజు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరుపడి సొంత జిల్లాలయ్యాయి. దాంతో అక్కడ రైస్ మిల్లు మొదలుకొని బడి దాకా, చిరునామా చివర ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని వేసుకున్నవాళ్లంతా లెటర్‌ప్యాడ్ మార్చుకోవాల్సి వచ్చింది. 2024లో ప్రభుత్వ సంస్థల వంతు వచ్చింది. రాష్ట్రం పేరుకు పొడి అక్షరాలుగా ‘టీఎస్’ తీసేసి ‘టీజీ’ వాడాలని, లెటర్‌హెడ్లలోనూ అలాగే ఉండాలని ఆ ఏడాది మే నెలలో ఆదేశాలు వెలువడ్డాయి. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది.

మార్చాల్సింది ఒక్క వరుసే. కానీ పాత లోగోను తెచ్చి కొత్త ఫైల్లో అతికించగానే అది మసకబారుతుంది, అంచులు మెట్లుమెట్లుగా విరుగుతాయి, చుట్టూ తెల్లటి డబ్బా కనిపిస్తుంది. ప్రింటర్‌ను తిట్టుకుంటాం. చాలాసార్లు లోపం ప్రింటర్‌లో ఉండదు. బొమ్మను కంప్యూటర్లో ఏ పద్ధతిలో దాచామన్నదే అసలు సంగతి.

ట్రెడిల్ ప్రెస్సుల కాలంలో ఈ బాధ లేదు. కంపోజిటర్ సీసపు అక్షరాలను స్టిక్కులో ఒక్కొక్కటిగా పేర్చేవాడు. లోగో కోసం జింకు రేకు మీద ఆమ్లంతో చెక్కిన బ్లాకును చెక్కదిమ్మకు బిగించి, అక్షరాల ఎత్తుకు సరిచేసేవారు. ఊరి పేరు మారితే నాలుగు అక్షరాలు మార్చేవారు, బ్లాకు జోలికి వెళ్లేవారు కాదు. దాని గీత ఎప్పుడూ పదునుగానే పడేది. ఇబ్బందల్లా కొలతతోనే. రెండంగుళాల లోగో కావాలంటే మళ్లీ రెండంగుళాల బ్లాకు చేయించుకోవాల్సిందే.

కంప్యూటర్ వచ్చాక బొమ్మ చుక్కలైంది. చీరలు నేసే గద్వాల వాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. జకార్డు మగ్గానికి డిజైన్ గీసేవారు గళ్ల కాగితం మీద ఏ గడి నింపాలో, ఏ గడి వదలాలో గుర్తు పెడతారు. దాన్నిబట్టే అట్టలకు రంధ్రాలు పడతాయి, రంధ్రాన్నిబట్టే పడుగు పోగు లేస్తుంది. తెర మీది పిక్సెల్ ఆ గడిలాంటిదే. చిన్న బుటా గీసిన గళ్లతో పెద్ద బుటా నేయలేం. ఎక్కువ పోగులకు గ్రాఫు మళ్లీ గీయాలి. లోగోకూ ఇదే లెక్క. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. వెబ్‌సైట్ నుంచి తీసిన 100 పిక్సెళ్ల లోగోను అంగుళం వెడల్పున అచ్చువేస్తే, ఒక్కో పిక్సెల్ అడ్డంగా మూడు, నిలువుగా మూడు చుక్కల మేర సాగుతుంది. అంచుల్లో కనిపించే మెట్లు అవే. ఏ4 కాగితమంతా 300 లెక్కన నింపాలంటే 2480 అడ్డంగా, 3508 నిలువుగా, మొత్తం 87 లక్షల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున 26 మెగాబైట్లు. ఇంత బరువు మెయిల్లో పంపడం కష్టం, కుదించక తప్పదు.

ఆ కుదింపు సూత్రం వెనక ఓ తెలుగు పేరుంది: కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. బెంగళూరు నుంచి వెళ్లిన నాసిర్ అహ్మద్ 1972లో ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్’ అనే ఆలోచనతో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగారు. వాళ్లు ఇవ్వలేదు. ఆయన పట్టు వదల్లేదు. తన విద్యార్థి నటరాజన్, మిత్రుడు రామమోహనరావులతో కలిసి 1974 జనవరిలో పరిశోధన పత్రం ప్రచురించారు. నాలుగంటే నాలుగే పేజీలు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణానికి ఇదే పునాది.

జేపెగ్ బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలోని 64 విలువలను 64 రకాల అలల మోతాదులుగా మారుస్తుంది. నెమ్మదిగా మారే అలలను ఉంచుకుని, కంటికి అంతగా ఆనని వేగపు అలలను చాలావరకు సున్నా చేసేస్తుంది. ఫొటోలో ఆకాశం, ముఖం, పొలం మెల్లగా రంగు మారతాయి కాబట్టి తేడా తెలియదు. లోగో అలా కాదు. నల్ల అక్షరం అంచు దాటగానే తెలుపు. ఆ పదును అంతా వేగపు అలల్లోనే ఉంటుంది. వాటిని కోసేస్తే అక్షరం చుట్టూ మురికి మరకలు తేలతాయి. తెలంగాణ రాజముద్రలో కాకతీయ తోరణం, చార్మినార్ చుట్టూ పలు లిపుల్లో అక్షరాలుంటాయి. దాన్ని చిన్న జేపెగ్‌గా మార్చి చూస్తే ముందుగా అలుక్కుపోయేవి ఆ అక్షరాలే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మరోసారి కుదింపు జరుగుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు కాబట్టే తెల్లడబ్బా. 1996లో వచ్చిన పీఎన్‌జీ ఏ చుక్కనూ పోగొట్టదు, వెనకభాగాన్ని ఖాళీగా ఉంచనిస్తుంది.

అయినా జేపెగ్, పీఎన్‌జీ రెండూ చుక్కలే. చుక్కలతో పనిలేని దారిని కార్ల తయారీదారులు కనిపెట్టారు. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియే కారు ఒంపులను లెక్కల్లో చెప్పే పద్ధతి కోసం వేర్వేరుగా కృషి చేశారు. నాలుగు బిందువులు ఇస్తే చాలు, వంపు గీత వచ్చేస్తుంది. రెండు కొసలు, రెండు లాగుడు బిందువులు, మొత్తం ఎనిమిది అంకెలు. పెద్దది కావాలంటే అంకెలను హెచ్చిస్తే సరి, గీత పదును చెక్కుచెదరదు. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ స్థాపించిన అడోబ్ 1984లో ఈ వంపులతోనే పోస్ట్‌స్క్రిప్ట్ భాషను తయారుచేసింది. 1993లో దాని నుంచే పీడీఎఫ్ పుట్టింది.

ఒంపులే ఒళ్లయిన తెలుగు లిపికి ఇది మరీ అవసరం. మన డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లిషు అక్షరాల గదుల్లో కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే సంస్థ పేరు బదులు పిచ్చి అక్షరాలొస్తాయి. అందుకే ఆపరేటర్లు కోరల్‌డ్రాలో పేరు టైపు చేసి, కంట్రోల్ క్యూ నొక్కి ‘కర్వ్స్’ చేస్తారు. ఆ క్షణం నుంచి అది అక్షరం కాదు, గీత. ఏ కంప్యూటర్లో తెరిచినా అదే ఆకారం. అయితే ఆ తర్వాత అక్షరదోషం దిద్దలేం, కాబట్టి కర్వ్స్ చేయని ప్రతి ఒకటి విడిగా దాచాలి.

వర్డ్ ఫైల్లో లోగో ఎక్కడుంటుందో కళ్లారా చూడొచ్చు. ఒక డాక్‌ఎక్స్ ఫైలుకు నకలు తీసి, పేరు చివర ‘జిప్’ అని మార్చి తెరవండి. లోపల ‘వర్డ్’ ఫోల్డరు, అందులో ‘మీడియా’ ఫోల్డరు, దాంట్లో మీ లోగో. పక్కనే ‘హెడర్’ పేరుతో మరో ఫైలు. ఉత్తరం ఇరవై పేజీలున్నా హెడర్‌లో పెట్టిన బొమ్మ ఒక్కసారే నిల్వ ఉంటుంది, ప్రతి పేజీ దాన్నే పిలుచుకుంటుంది. మధ్యలో టైపు చేసే విషయం దాన్ని కదపలేదు. అదే బొమ్మను మామూలు పేజీలో అతికిస్తే, పైన ఒక వరుస చేర్చగానే జారిపోతుంది. సేవ్ చేసేటప్పుడు వర్డ్ బొమ్మల నాణ్యతను సాధారణంగా అంగుళానికి 220 చుక్కలకు తగ్గిస్తుంది. అచ్చుకు పంపేవాళ్లు సెట్టింగ్స్‌లో ఆ కుదింపును ఆపేయాలి.

బొమ్మ కింది అక్షరాలకు చట్టం లెక్క వేరే ఉంది. రిజిస్టరైన కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం ప్రకారం పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, 21 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉత్తరాల మీద ఉండాలి. బిల్లు మీద 15 అక్షరాంకెల జీఎస్టీ నంబరు. గద్వాల వ్యాపారిది 36తో మొదలవుతుంది, తుంగభద్ర దాటి కర్నూలు వెళ్తే 37.

ఒకప్పుడు బ్లాకు చేయించడం, ప్రెస్సులో అచ్చువేయించడం ఖర్చుతో కూడిన పని. లెటర్‌ప్యాడ్ చూస్తేనే సగం నమ్మకం కుదిరేది. ఇప్పుడు ఎవరి లోగోనైనా ఎవరైనా క్షణంలో కాపీ కొట్టగలరు. కాబట్టి లోగో గుర్తింపుకే గానీ రుజువుకు పనికిరాదు. రుజువు పని 2000 నాటి ఐటీ చట్టం గుర్తించిన డిజిటల్ సంతకానిది. పత్రంలో ఒక్క అక్షరం మారినా ఆ సంతకం సరిపోలదు.

ఈసారి లెటర్‌ప్యాడ్ చేయించినప్పుడు డీటీపీ సెంటర్‌లో జేపెగ్ ఒక్కటే తీసుకుని రాకండి. కోరల్ ఫైలు, కర్వ్స్ చేసిన పీడీఎఫ్, వెనకభాగం లేని పీఎన్‌జీ, మూడూ అడిగి తీసుకోండి. రేపు జిల్లా పేరో, పిన్‌కోడో మారితే దిద్దాల్సింది హెడర్‌లో ఒక్క వరుస. లోగోను మళ్లీ గీయించే ఖర్చు తప్పుతుంది.