ఒడ్డున కట్టిన బోటుకే కాపలా ఎక్కువ

వేసవి సెలవులు బడిపిల్లలకే అనుకుంటారు చాలామంది. మాకూ ఉన్నాయండీ, 61 రోజులు! తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు, ఇంజిన్ పడవలు వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. 2015కి ముందు 47 రోజులే ఉండేది. నిజం చెప్పాలంటే ఈ సెలవు చేపలకే, మాకు కాదు.

నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవర్ని. వేట కాలంలో ఒకసారి వెళ్తే పదిహేను, ఇరవై రోజులు సముద్రంలోనే. వంటా, నిద్రా, తగాదాలూ అన్నీ ఆ చెక్కల మీదే. ఇంటికి చుట్టాల్లా వచ్చి పోతుంటాం. వేసవిలో మాత్రం ఇటు ఇల్లు, అటు బోటు.. రెండు కాపురాలు.

మే నెలలో నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను. రాత్రి కాపలా వంతు నాదైతే తెల్లారి బోటు మీదే లేస్తాను. ముందు అడుగున చేరిన నీళ్లు తోడాలి. కర్ర బోటుని కట్టేసి మన మానాన మనం పోతే కుదరదు. ఎండకి పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. వాటిలో దూది దట్టించాలి, అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకాలి, రంగు వేయాలి. ఇంజిన్ విప్పేదీ ఇప్పుడే.

తొమ్మిదింటికి ఇంటికెళ్లి చద్దన్నం తింటాను. రేకుల ఇల్లు, అప్పటికే పొయ్యిలా కాలుతుంటుంది. మా ఆవిడ ఎండుచేపల గంప సర్దుకుంటూ లెక్కలు మొదలెడుతుంది. ‘బళ్లు తెరిచేస్తారు, ఫీజులెలా?’ అని. అక్కడే ఉంది తిరకాసు. సముద్రం తెరిచేలోపే బళ్లు తెరుస్తారు. జూన్ 15న వెళ్లిన బోటు తిరిగొచ్చి, సరుకు అమ్మి, డీజిలు, ఐసు ఖర్చులు పోను మా వాటా చేతికొచ్చేసరికి నెలాఖరు. ప్రభుత్వం ఇచ్చే నిషేధకాల భృతి 10 వేలు ఉండేది, 2025లో 20 వేలు చేశారు. అది ఖాతాలో పడేసరికి అప్పిచ్చినాయన గుమ్మంలో ఉంటాడు. అందుకే మా కళాసీల్లో కుర్రాళ్లు ఈ రెండు నెలలూ తాపీపనికి పోతారు.

మధ్యాహ్నం కూరలోకి ఏం చేపో తెలుసా? చెరువు బొచ్చె! ఏడాదంతా వంజరాలు, చందువాలు పట్టేవాడు చెరువు చేప కొనుక్కోవడం చూసి మావాడు నవ్వుతాడు. అలా నవ్వే పిల్లాడితో కూర్చుని తినేదీ ఈ రోజుల్లోనే. పెళ్లిళ్లకి, సింహాచలం అప్పన్న చందనోత్సవానికి ఇంట్లో వాళ్లతో వెళ్లగలిగేదీ ఇప్పుడే. కాదనను.

ఎండ తగ్గాక వలలు కుడతాం. చీకటి పడ్డాక నేను చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడ అడుగుతుంది, ‘ఏటి, మళ్లీ బోటు కాడికేనా?’ అని. అక్కడ గాలి బాగుంటుందంటాను. ఆ మాటా నిజమే. అసలు సంగతి ఆవిడకీ తెలుసు.

2023 నవంబరు 19 రాత్రి మా హార్బర్‌లో మంటలు లేచాయి. పక్కపక్కనే కట్టిన బోట్లు, వాటిలో డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు. సుమారు 40 బోట్లకి నిప్పంటుకుంది. ఒక్కో బోటు మీద ఎన్ని కుటుంబాలు తింటాయో లెక్కేసుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడూ హార్బర్‌లో లంగరేసి ఉన్న బోట్లు చాలా దెబ్బతిన్నాయి. సముద్రంలో ఉన్న బోటుకి గంగమ్మ కాపలా. ఒడ్డున కట్టిన బోటుకి మనిషే కాపలా.

అందుకే నిషేధం రోజుల్లో, హార్బర్ నిండా బోట్లు కిక్కిరిసి ఉన్నప్పుడు, నాకు నిద్ర పలచన. వైరు కాలిన వాసన వచ్చినా, పక్క బోటులో ఎవరైనా పొయ్యి వెలిగించినా లేచి చూస్తాను. గ్యాసు సిలిండరు మాత్రం నిషేధం మొదలైన రోజే దించేసి ఇంట్లో పెట్టేశాం.

జూన్ 14 దగ్గరపడుతుంటే ఐసు లారీలు, డీజిలు డ్రమ్ములు, పసుపూ కుంకుమా, కొబ్బరికాయలతో హార్బర్ పెళ్లి ఇల్లయిపోతుంది. ఇంట్లో వాళ్లకి అప్పటినుంచీ భయం పట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ రోజుతో ఒక భయం తీరుతుంది. తాడు విప్పి, ఒడ్డు కనబడనంత దూరం పోయాక, రెండు నెలల నిద్ర ఒక్కసారే పోతాను.