ఫంక్షనల్ భాషలలో మాడ్యూళ్లు: లోపలి నిర్మాణమును మరుగుపరచు విధానము

కంప్యూటరు ప్రోగ్రాము పెద్దదైన కొలది దానిని భాగములుగా విభజింపక తప్పదు. అట్టి భాగమునకు మాడ్యూలని పేరు. ఈ విభజనకు ప్రాతిపదిక యేది? 1972లో డేవిడ్ పార్నాస్ ప్రకటించిన వ్యాసమున దీనికి సమాధానము కలదు. పని జరుగు వరుసను బట్టి కాక, ముందు ముందు మారగల నిర్ణయములను బట్టి ప్రోగ్రామును విభజింపవలెననియు, అట్టి నిర్ణయమును ఒక్కొక్క మాడ్యూలు తనలో దాచుకొనవలెననియు ఆయన ప్రతిపాదించెను.

దాచుట యనగా రహస్యము పాటించుట యని పలువురు తలంతురు. అది సరి కాదు. లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును. దానిపై ఆధారపడుటకు మాత్రము వెలుపలి భాగములకు వీలుండదు.

హాస్కెల్ భాషలోని భిన్నముల మాడ్యూలు ఇందుకు చక్కని ఉదాహరణము. భిన్నము లోపల లవము, హారము అను రెండు సంఖ్యల జతగా నిలుచును. 2/4 అని కోరినను మాడ్యూలు దానిని 1/2గా కుదించియే నిలుపును. హారము సున్న యైనచో నిరాకరించును. కావుననే రెండు భిన్నములు సమానమా యని తెలియుటకు లవమును లవముతో, హారమును హారముతో పోల్చిన చాలును. ఆ జతను నేరుగా కూర్చు సాధనము వెలుపలివారికి చిక్కినచో, 2/4 వేరు, 1/2 వేరు అని కంప్యూటరు చెప్పును. అందుచే ఈ మాడ్యూలు రకము పేరును మాత్రము వెలుపలికి ప్రకటించి, కూర్చు సాధనమును తనయొద్దనే యుంచుకొనును. ఇట్టి విలువ ఒకసారి యేర్పడిన పిదప మారదు గనుక, పుట్టుకవేళ పాటించిన నియమము కడవరకు నిలుచును.

ఈ పద్ధతి యొక్క బలము తర్కశాస్త్ర రంగమున స్పష్టముగా వెల్లడియైనది. రాబిన్ మిల్నర్ 1972 ప్రాంతమున స్టాన్‌ఫర్డ్‌లో ఎల్‌సీఎఫ్ అను ఉపపత్తి సాధనమును నిర్మించెను. ప్రతి ఉపపత్తిలోని మెట్లన్నిటిని నిలువ చేయవలసి వచ్చుటచే కంప్యూటరు జ్ఞాపకస్థలము నిండిపోవుచుండెను. మెట్లను పారవైచినచో, మిగిలిన వాక్యము సిద్ధాంతమే యనుటకు హామీ యేది? ఎడింబరోకు వచ్చిన పిమ్మట మిల్నర్ బృందము ఇందులకై ఎమ్ఎల్ భాషను రూపొందించెను. అందు సిద్ధాంతమనునది ఒక మరుగు రకము. తర్కనియమములకు దక్క మరి దేనికిని ఆ రకపు విలువను పుట్టించు అధికారము లేదు. టంకశాలలో దక్క మరెచ్చటను నాణెము పుట్టజాలనిచో, నాణెమే తన పుట్టుకకు సాక్షి యగును. ఇక మెట్లను నిలుపనక్కరలేదు.

పిదప 1984లో డేవిడ్ మాక్వీన్ ఎమ్ఎల్‌కు సమగ్రమైన మాడ్యూలు పద్ధతిని ప్రతిపాదించెను. అందు స్ట్రక్చర్ అనునది లోపలి నిర్మాణము. సిగ్నేచర్ అనునది వెలుపలికి కనబడు ప్రకటన. స్టాండర్డ్ ఎమ్ఎల్ యొక్క 1990 నాటి నిర్వచనమున సిగ్నేచర్ తొడిగినను రకముల అసలు రూపము వెలుపలికి తెలియుచుండెను. 1997 నాటి సవరణలో దానిని పూర్తిగా కప్పివేయు ముద్ర యేర్పడెను. ముద్ర వేసిన పిమ్మట లోపలి జాబితాను తీసివేసి వృక్షమును పెట్టినను, ఫలితములు మారనంత వరకు, దానిని వాడు భాగములలో ఒక్క పంక్తియు మార్చనక్కరలేదు.

అయితే ముద్ర లోపలి తప్పును సరిదిద్దజాలదు. పరీక్షింపవలసిన చోటును చిన్నది చేయుటయే దాని ఉపకారము. ఎల్‌సీఎఫ్ మార్గముననే నడచు హెచ్ఓఎల్ లైట్ యందు తర్కపు కేంద్రభాగము సుమారు 400 పంక్తులు మాత్రమే. సమాన గోళములను ఎంత ఒత్తుగా పేర్చవచ్చునను విషయమై కెప్లర్ 1611లో చేసిన ఊహ కలదు. థామస్ హేల్స్ బృందము హెచ్ఓఎల్ లైట్, ఇసబెల్ అను సాధనములతో దాని ఉపపత్తిని 2014లో ధ్రువపరచెను. మనుష్యులు పంక్తి పంక్తిగా సరిచూడజాలనంత పెద్ద ఉపపత్తిపై నమ్మకము, వారు సరిచూడగలిగిన చిన్న మాడ్యూలుపై నిలిచినది.