ఇంట్లో కూడా నేల టిక్కెట్టేనా?

సినిమాకెళ్తే మీరు ఏ టిక్కెట్టు కొంటారు? జేబు నిండుగా ఉంటే బాల్కనీ... లేకపోతే బెంచీ... మొదటిరోజు మొదటి ఆటైతే ఏది దొరికితే అది! తెరకి ఆనుకున్నట్టుండే ముందు వరసలో మెడ పైకెత్తి మూడు గంటలు చూసి, ఇంటికొచ్చి అమ్మచేత అమృతాంజనం రాయించుకున్న అభిమానులెందరో! అభిమాన హీరో కోసం ఆ మాత్రం ఓర్చుకోవచ్చు. కానీ వేలకు వేలు పోసి కొన్న టీవీని సొంత ఇంటి గోడకి బిగించుకుని, అక్కడ కూడా మెడలు నొప్పి పుట్టేలా చూడటమేమిటండీ?

ఈమధ్య నేను చూసిన ఇళ్లలో చాలావాటిలో ఇదే వరస. టీవీ పెళ్లిఫొటో ఎత్తున, గోడ గడియారానికి తోడుగా వేలాడుతోంది! 1982లో మన దేశానికి రంగుల టీవీ వచ్చినప్పుడు ఈ బెడద లేదు. అంత బరువైన పెట్టెని బల్లే మోసేది, ఎత్తు కూడా బల్లే నిర్ణయించేది. ఇప్పుడు టీవీ పలచనైంది. బరువు గోడ మీద పడింది, ఎత్తు మన చేతికొచ్చింది.

ఎత్తు ఎంత?

కూకట్‌పల్లిలో మా పిన్ని వాళ్లు 55 అంగుళాల టీవీ కొన్నారు. బిగించడానికొచ్చిన కుర్రాడు నిలబడి, తన కళ్లకి ఎదురుగా పెన్సిల్‌తో గీత గీశాడు. "అందరూ ఇంతే ఎత్తున పెట్టిస్తారు సార్" అన్నాడు. దివాన్ మీదున్న అమ్మమ్మ ఊరుకుంటుందా? "నేను చూసేది కూర్చునిగానీ నిలబడి కాదు నాయనా!" అంది. అసలు సూత్రమంతా ఆ మాటలోనే ఉంది!

అమ్మమ్మ కూర్చున్నచోట నేల నుంచి కళ్లదాకా టేపు పట్టాం. 41 అంగుళాలు. తెర నడిమి భాగం అక్కడికి రావాలి. 55 అంగుళాల టీవీ నిలువు సుమారు 27 అంగుళాలు. అంచేత టీవీ కింది అంచు నేలకి 28 అంగుళాల దగ్గరుంటే సరి. కుర్రాడి గీతకీ దీనికీ అడుగున్నర పైనే తేడా!

కొలిచేది నడిమి భాగాన్నే సుమా! తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. అలాంటి స్కోప్ బొమ్మ టీవీలో వేస్తే పైనా కిందా నల్లపట్టీలొస్తాయి. తెర నిలువులో దాదాపు పావువంతు వాటికే పోతుంది. బొమ్మ మాత్రం నడుమనే ఉంటుంది.

మూడు రకాల స్టాండ్లు

ఒకటి, గోడకి అంటుకుపోయే ఫిక్స్‌డ్ స్టాండు. చవక, గట్టి. కాకపోతే టీవీ ఎక్కించాక వెనక వైర్లు పెట్టాలంటే చెయ్యి దూరదు, ముందే తగిలించుకోవాలి. రెండోది, కిందికి వంగే టిల్ట్ స్టాండు. పడగ్గదిలో, లేదా ఎత్తున పెట్టక తప్పనిచోట ఇదే మేలు. మూడోది, చెయ్యిలా ముందుకి సాగి పక్కలకి తిరిగేది.

ఈ మూడోదాని మీదే మా తమ్ముడి మోజంతా. చూడ్డానికి హీరోలా ఉంటుంది, గోడ పాలిట మాత్రం విలన్! ఎలాగంటారా? టీవీ బరువు 15 కిలోలనుకోండి. చెయ్యి 40 సెంటీమీటర్లు ముందుకి సాగితే, పై మేకులకీ కింది మేకులకీ మధ్య 20 సెంటీమీటర్లే ఉన్నప్పుడు, పై మేకుల్ని బయటికి లాగే బలం 30 కిలోలవుతుంది. అదే టీవీ గోడకి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ లాగుడు నాలుగు కిలోలకి మించదు.

ఏ రకమైనా టీవీ వెనకున్న నాలుగు రంధ్రాల కొలతకి సరిపోవాలి. దీన్నే వీసా కొలత అంటారు. విదేశాలకెళ్లే వీసా కాదండోయ్! 200x200, 400x400 అంటూ మిల్లీమీటర్లలో రాసుంటుంది. కొనేముందు టీవీని వెనక్కి తిప్పి కొలవండి. స్క్రూలు టీవీ పుస్తకంలో చెప్పిన పొడుగువే వాడాలి. పొడుగెక్కువైతే లోపలి భాగాలకి గుచ్చుకుంటాయి, తక్కువైతే పట్టు చాలదు.

గోడ గుట్టు

డ్రిల్లు పెట్టగానే రాలే దుమ్మే గోడ జాతకం చెబుతుంది. ఎర్రగా రాలితే ఇటుక. బిట్టు దిగనని మొరాయిస్తూ బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటు. బెల్లం దిమ్మలో దిగినట్టు దిగిపోయి, తెల్లటి మెత్తని పొడి రాలితే తేలికపాటి ఏఏసీ దిమ్మె. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇవి చాలా ఎక్కువ. వీటిని హ్యామర్ పెట్టి తొలిస్తే రంధ్రం పెద్దదై పట్టు పోతుంది. వీటికోసమే చేసిన ప్లగ్గులు అడిగి తెచ్చుకోండి. ఇటుక గోడైనా సరే, ప్లగ్గు పైపూతలో ఆగిపోకుండా ఇటుక లోపలికి దిగాలి.

స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, అదే వరసలో పక్కలకీ తొలవొద్దు. వైర్లు సాధారణంగా ఆ దారుల్లోనే పోతాయి. గుర్తులు పెట్టేటప్పుడు మేస్త్రీ వాడే రసమట్టం పెట్టి చూడండి. కంటిమీద నమ్మకం పెట్టుకుంటే తెర వంకరపోతుంది. రంధ్రాల్లో దుమ్ము ఊదేసి ప్లగ్గులు కొట్టాలి. టీవీని ఇద్దరు పట్టి ఎక్కించాలి. కింద బిగించే లాకు స్క్రూల్ని మరిచిపోవద్దు.

అద్దె ఇల్లా? ముందు యజమానిని అడగండి. వద్దంటే బల్లమీదే పెట్టుకోండి. నష్టమేం లేదు. కాకపోతే ముందుకి తూలకుండా వెనకనుంచి పట్టీతో కట్టేయండి.

ఇంకొక్క మాట. టీవీ ఎక్కించకముందే గోడకి బిగించిన స్టాండుని రెండు చేతులా పట్టుకుని గట్టిగా కిందికి లాగి చూడండి. రవ్వంత కదిలినా మొహమాటపడకుండా మళ్లీ బిగించమనండి. బిగించిన కుర్రాడు టీ తాగి వెళ్లిపోతాడు... ఆ టీవీ కింద ఆడుకునేది మన ఇంటి పిల్లలే!