నేలమీద నేర్చెడి గగనయానము

కోనసీమలో పుట్టినవానికి నీటిభయము చిన్ననాడే తీరును. పంటకాలువలో మోకాటిలోతున ఈత మొదలిడిన పిమ్మటనే గోదావరి పాయకు పోవును. కొబ్బరి దింపు నేర్చువాడును పొట్టిచెట్టు నెక్కిన తరువాతనే ముదురుచెట్టు మొగమెరుగును. ప్రమాదము తక్కువయున్నచోట తప్పులు చేసి, వానివలన బుద్ధి తెచ్చుకొని ముందునకు సాగుట మనవారి పద్ధతి. కాని ఆకాశమునకు మోకాటిలోతు లేదు. నేల విడిచిన మరుక్షణమే విమానము లోతున నున్నట్లే. మరి దానిని నడుపువాడు తప్పులు చేసి నేర్చుకొనుట యెచ్చట?

ఐనవిల్లినుండి మధురపూడి విమానాశ్రయమునకు పోయి, అచ్చట హైదరాబాదు విమానము నెక్కు ప్రయాణికునకు ఈ ప్రశ్న తోచుట సహజము. పరీక్షలకు ముందు ఐనవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిని కలము నుంచి తెచ్చుకొను విద్యార్థికి చదువు ముగియుటతో పరీక్షలును ముగియును. ఆ విమానపు పైలటు మాత్రము ఉద్యోగ మున్నంతకాలము ఆరు మాసముల కొకమారు పరీక్షకు కూర్చుండవలసినదే. ఆ పరీక్షాశాలకే సిమ్యులేటరు అని పేరు.

దీని పుట్టుక చిత్రమైనది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి బింగ్‌హాంటన్ పట్టణమున ఎడ్విన్ లింక్ అను యువకుని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగార ముండెడిది. ఆ వాద్యములలో గాలి నూదు తిత్తులనే ఆధారముగా గొని, 1929 ప్రాంతమున లింకు ఒక చిన్న బొమ్మవిమానమును నిర్మించెను. లోపల కూర్చుండి పిడి త్రిప్పిన, తిత్తులు ఉబ్బుచు ముడుచుకొనుచు దానిని వంచుచు లేపుచు నుండెడివి. తొలుత దీనిని వినోదశాలలవారు కొనిరి. 1934లో అమెరికా సైన్యము విమానములలో తపాలా మోయు పనిని స్వీకరించెను. మబ్బులలో పరికరములను మాత్రమే చూచి ఎగురుట యెరుగక కొలది వారములలోనే పలువురు పైలట్లు మరణించిరి. అప్పుడు సైన్యము లింకు యంత్రములను 6 కొనెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అట్టివి వేలకొలది తయారై, లక్షల వైమానికులకు గురువు లయ్యెను.

నేటి సిమ్యులేటరు ఆరు కాళ్లపై నిలిచిన పెద్ద గది. లోపల పైలట్లు కూర్చుండు చోటు అసలు విమానమునందు వలెనే ఒక్క మీట తేడా లేక యుండును. కిటికీల వెలుపల తెరపై రన్‌వే, మబ్బులు, దీపములు కనబడును. పైలటు పిడి కదల్చినంతనే, ఆ వేగమున, ఆ బరువుతో, ఆ గాలిలో అసలు విమానము చేయు పనిని కంప్యూటరు గణించి, పరికరములలోను, తెరపైనను, కాళ్ల కదలికలోను చూపును.

కదలిక విషయము మిక్కిలి ఆసక్తికరము. ఆ కాళ్లు కొన్ని అడుగులకు మించి కదలలేవు. అయినను విమానము రన్‌వేపై పరుగిడునట్లు శరీరమునకు తోచును. ఎట్లన, గది మొదట కొంచెము ముందునకు జరిగి, పిదప మెల్లగా వెనుకకు వాలును. అప్పుడు పైలటు వీపు కుర్చీ కానుకొనును. కన్ను పరుగును చూచుచున్నందున, వాలుటవలన గలిగిన ఆ ఒత్తిడిని మనస్సు వేగముగా గ్రహించును.

ఇచ్చట నేర్పు పాఠములలో ముఖ్యమైనది, పైకెగురు సమయమున ఇంజను చెడుట. రెండు తెడ్లతో పోవు నావకు ఒక తెడ్డు విరిగిన, నావ విరిగిన వైపునకే తిరుగును. విమానమును అట్లే చెడిన ఇంజను వైపునకు తిరుగును. పైలటు తత్‌క్షణమే బాగున్న ఇంజను వైపు చుక్కాని పెడలు త్రొక్కవలెను. ఆలోచనకు వ్యవధి లేదు. కాలికే తెలిసి యుండవలెను.

ఈ పాఠమును నిజవిమానములో నేర్పుట యెంత ప్రమాదకరమో మన దేశమే చూచినది. 1994 మార్చి 8వ తేదీన ఢిల్లీలో సహారా సంస్థవారి బోయింగు 737 శిక్షణార్థము ఎగురుచుండెను. ఇంజను చెడిన స్థితిని అభ్యసించు సమయమున పెడలు తప్పువైపున త్రొక్కబడుటచే విమానము కూలి, నేలపై నిలిచియున్న రష్యా విమానమును ఢీకొనెను. 9 మంది మరణించిరి. సిమ్యులేటరులో నైన ఆ తప్పునకు శిక్షకుడు ఒక బొత్తాము నొక్కి బొమ్మను నిలిపి, మరల మొదటినుండి చేయించి యుండును. ఈ ప్రయోజనమును గుర్తించియే ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ హైదరాబాదులోని తన కేంద్ర శిక్షణాలయమున బోయింగు, ఎయిర్‌బస్ విమానముల సిమ్యులేటర్లను నెలకొల్పినది.

చేతి నేర్పు మాత్రమే గాక, మాటల నేర్పును ఇచ్చట అభ్యసింతురు. పెద్ద పైలటు పొరపడుచున్నప్పుడు చిన్నవాడు వెరువక చెప్పుట, పెద్దవాడు కోపగింపక వినుట అభ్యాసముచేతనే అలవడును. పెద్దల మాటకు ఎదురాడరాదని నేర్చిన మనవంటి సమాజములలో ఈ పాఠము మరింత అవసరము.

ఇంతటి యంత్రమునకును హద్దులు కలవు. దానికి చెప్పినంతయే దానికి తెలియును. 2018, 2019 సంవత్సరములలో రెండు బోయింగు 737 మ్యాక్స్ విమానములు కూలిన పిమ్మట, ఆ విమానపు సిమ్యులేటరు కొన్ని స్థితులను సరిగా చూపజాలకుండెనని బోయింగు సంస్థయే ఒప్పుకొనెను. అదియు గాక, సిమ్యులేటరులో కూర్చున్నవాడు ఆపద రానున్నదని ముందే యెరుగును. 2009 జనవరిలో పక్షులు తగిలి రెండు ఇంజన్లును శక్తి కోల్పోగా, న్యూయార్కు చెంత హడ్సన్ నదిపై 155 మందితో ఒక విమానము దిగినది, అందరును బ్రదికిరి. పిదప విచారణలో సిమ్యులేటరు నుపయోగించి చూడగా, వెంటనే మరలిన విమానము రన్‌వేను చేరగలిగెను. ఆశ్చర్యమునకు, ఆలోచనకు 35 సెకండ్లు చేర్చి చూడగా చేరలేకపోయెను. నిజమైన ఆపదలో ఆ సెకండ్లు మనిషికి కావలసినవే.

కావున సిమ్యులేటరు ఆకాశమునకు బదులు కాదు. ఆకాశమునకు పోవు త్రోవలోని మోకాటిలోతు నీరు. విమానము మధురపూడిలో నేల విడుచునపుడు, ముందు కూర్చున్న యిరువురును ఇంజను చెడుటను ఎన్నియోమారులు చూచి, ఎన్నియోమారులు దాటి వచ్చినవారే యని తెలిసిన ప్రయాణికుడు కొంత నిశ్చింతగా కూర్చుండవచ్చును.