చెట్టును తొలిచే దొంగ ఎవరు?

మామిడి చెట్టు మొదట్లో పొట్టు రాలినా, కొమ్మ పంగలో బూజులాంటి గూడు కనిపించినా మన రైతులు "చెద పట్టింది" అని తేల్చేస్తారు. వెంటనే ఆకుల మీద మందు కొట్టిస్తారు. డబ్బు పోతుంది గానీ, చెట్టులోపల దాక్కున్న పురుగుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. కాబట్టి ముందు దొంగను గుర్తు పట్టాలి.

బయటి ఆనవాళ్లు చూద్దాం. చెద కట్టేది మట్టి గూడు. గూట్లో మట్టి లేకుండా, పట్టుదారాలతో అల్లిన వంకర సొరంగానికి బెరడు పొట్టు, పురుగు రెట్ట అంటుకుని ఉంటే అది బెరడు తినే గొంగళి పురుగు. శాస్త్రజ్ఞులు దీన్ని ఇండార్బెలా క్వాడ్రినొటేటా అంటారు. ఇది మాత్ అనే రాత్రి తిరిగే రెక్కల పురుగు పిల్ల. మామిడి, ఉసిరి, రేగు, నేరేడు, మునగ దీనికి ఇష్టం. పగలు కొయ్యలో తొలుచుకున్న బొరియలో పడుకుని, రాత్రిపూట ఆ గూడు చాటున బెరడు కొరుకుతుంది.

గూడేమీ లేకుండా రంధ్రం నుంచి పిప్పి, రసం కారుతుంటే పెంకుపురుగు పిల్లను అనుమానించాలి. మామిడిలో ఇది తరచుగా బాటోసిరా రుఫోమాక్యులేటా. బెరడు కింద తొలుస్తూ చెట్టుకు ఆహారం నడిచే దారినే తెంపేస్తుంది. కొమ్మలు ఎండిపోతాయి, ఒక్కొక్కప్పుడు చెట్టే చచ్చిపోతుంది.

ఇంకా సందేహముంటే పురుగును బయటికి తీసి కాళ్లు లెక్కపెట్టండి. మాత్ పిల్లకు తల వెనుక మూడు జతల అసలు కాళ్లుంటాయి. అవి గాక పొట్ట కింద నాలుగు జతలు, తోక దగ్గర ఒక జత మెత్తని కాళ్లుంటాయి. భూతద్దంలో చూస్తే వాటి అంచున సన్నని కొక్కేలు కనబడతాయి. బాటోసిరా పిల్లకు అసలు కాళ్లే ఉండవు. తెల్లగా, లావుగా, ముందువైపు వెడల్పుగా ఉంటుంది.

ఎవరో తెలిస్తే మందు సగం దొరికినట్టే. గొంగళి పురుగైతే గూడు తుడిచేసి, బొరియలో ఇనుప తీగ పోనిచ్చి పురుగును చంపాలి. తర్వాత కిరోసిన్‌లో తడిపిన దూది పెట్టి మట్టితో మూసేయాలి. పెంకుపురుగు పిల్లయితే రంధ్రం వెంట వెదికి, పురుగును పెరికి తీయాలి. బాగా ఎండిన కొమ్మలను నరికి తగలబెట్టాలి.

తాతలు నాటిన చెట్టును గొడ్డలికి అప్పగించే ముందు ఒక్కసారి ఆ పురుగు కాళ్లు లెక్కపెడితే నష్టమేముంది?